బాలనాగమ్మ ధైర్యం మాదాపూర్‌లో చెల్లుతుందా?

రాత్రి షిఫ్ట్ ముగిసి క్యాబ్ కోసం నిలబడ్డ అమ్మాయికి, ఏదో కథలో రాకుమారి మాంత్రికుణ్ణి గెలిచినందువల్ల ఏం ఒరుగుతుంది? ఈ ప్రశ్నను కొందరు కొట్టిపారేయడానికి అడుగుతారు. కొందరు మాత్రం నిజంగా జవాబు కావాలనే అడుగుతారు. ఈ వ్యాసం ఆ రెండోవాళ్ళ కోసం.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల బండరాళ్ళూ తుప్పలే ఎక్కువ. ఇవాళ రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల భవనాలే. వాటి వెనక అయ్యప్ప సొసైటీ, కొండాపూర్ సందుల నిండా లేడీస్ హాస్టళ్ళు. శ్రీకాకుళం నుంచో, కరీంనగర్ నుంచో, అనంతపురం నుంచో వచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇల్లు విడిచిన అమ్మాయిలు ఆ గదుల్లో ఉంటారు. వాళ్ళలో పుస్తకాలు చదివేవాళ్ళను కదిలిస్తే చాలామంది చెప్పే పేర్లు ఫాంటసీ నవలల్లోవే. హ్యారీ పోటర్ కథలోని హెర్మయొనీ, టోల్కీన్ రాసిన ఎయోవిన్. ఆ పేర్లు చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులో సిగ్గు ఉండదు, కృతజ్ఞత ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

అసలు ఇక్కడ ధైర్యం అవసరమయ్యేది ఎక్కడ? తను రాత్రంతా కూర్చుని చేసిన పనిని మీటింగులో మరొకరు తమదిగా చెప్పుకుంటుంటే "అది నేను చేసింది" అనే చోట. పని పేరుతో అర్ధరాత్రి వచ్చే మెసేజ్‌కి జవాబు ఇవ్వకుండా ఉండే చోట. అప్రైజల్ ఎవరి చేతిలో ఉందో, వాళ్ళ మీదే ఫిర్యాదు రాయాల్సిన చోట. సంబంధం కుదిరింది, రాజీనామా చెయ్యమని ఇంటినుంచి ఫోన్ వస్తే కుదరదని చెప్పే చోట. వీటిలో ఒక్కదానికీ కత్తి అక్కర్లేదు. కానీ ఆ క్షణంలో గొంతు పెగలదు. గొంతు పెగలడానికి కథ పనికొస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

నేను హెర్మయొనీని కాదని బాలనాగమ్మతో మొదలుపెడతాను. అందుకు కారణం ఊరిదగ్గరే ఉంది. హైటెక్ సిటీకి కొద్ది కిలోమీటర్ల దూరంలో, శేరిలింగంపల్లిలో, సురభి నాటక కుటుంబాల కాలనీ ఉంది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ నాటక సమాజం తరతరాలుగా ఆడుతూ వచ్చిన నాటకాల్లో మాయాబజార్, పాతాళభైరవిలతో పాటు బాలనాగమ్మ కూడా ఒకటి. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభివాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళనే రంగస్థలం ఎక్కించారు. ఆ సంగతి ఇక్కడ చెప్పుకోదగ్గది. 1942లో జెమినీవారు తీసిన సినిమాలో బాలనాగమ్మగా కాంచనమాల, మాయల ఫకీరుగా (సినిమాలో మాయల మరాఠీ) గోవిందరాజుల సుబ్బారావు నటించారు. అంతకు చాలా ముందే, 1868లో, మేరీ ఫ్రియర్ అచ్చు వేయించిన 'ఓల్డ్ డెక్కన్ డేస్'లో ఇదే కథ 'పంచ్‌కిన్' పేరుతో కనిపిస్తుంది. అందులో రాకుమారి పేరు బల్నా. ఆ కథలు చెప్పింది ఫ్రియర్ ఇంట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరేటా డిసౌజా. భర్త పోయాక పిల్లల్ని సాకడానికి కొలువు చేసుకుంటూ బతికిన స్త్రీ ఆమె. చిన్నప్పుడు తన అమ్మమ్మ చెప్పిన కథల్నే ఆమె మళ్ళీ చెప్పింది. ఈ కథ పుస్తకంలోకి ఎక్కింది ఉద్యోగం చేసుకునే ఒక ఆడమనిషి నోటి మీదుగా.

కథ చాలామందికి తెలిసిందే. ఏడుగురు అక్కచెల్లెళ్ళలో చిన్నది బాలనాగమ్మ. మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త, బంధువులు, సైన్యం అంతా రాళ్ళయిపోతారు. ఆమెను విడిపించేవాళ్ళు బయట ఎవరూ మిగల్లేదు. ఆమె చేతిలో ఆయుధం లేదు, మంత్రం లేదు. ఉన్నది మాట ఒక్కటే. నోము పట్టానని, అది పూర్తయ్యేదాకా తాకవద్దని గడువు పెడుతుంది. ఆ గడువు మీద ఏళ్ళు నెట్టుకొస్తుంది. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి తల్లిని వెతుక్కుంటూ వచ్చాక ఆమె చేసిన పని, నా దృష్టిలో, కథంతటికీ ప్రాణం. ఫకీరును మాటల్లో పెట్టి, అతని ప్రాణం ఎక్కడ దాచుకున్నాడో అతని నోటితోనే చెప్పిస్తుంది. ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న ఆ రహస్యం లేకపోతే బాలవర్ధి ఎంత వీరుడైనా చేయగలిగింది ఏమీ లేదు.

చిన్నప్పుడు ఈ కథ విన్న నాకు సముద్రాలు, చిలకే గుర్తున్నాయి. ఉద్యోగంలో చేరాక మాత్రం ఫకీరు బాలనాగమ్మను బంధించిన గది గుర్తుకొచ్చింది. ఎదుటివాడిదే అధికారం, తలుపులు వాడివే, బయటినుంచి సాయం ఇప్పట్లో రాదు. అలాంటి చోట బుర్ర చెదరకుండా ఉండటం, ఈ రోజుకి ఒడ్డున పడటం, వాడి బలం ఎక్కడుందో కనిపెట్టడం. బెదిరిన మనిషికి ఇంతకంటే దగ్గరి ధైర్యం మరొకటి ఉండదు. అరవనివాళ్ళు పిరికివాళ్ళని లోకం అనుకుంటుంది. అది నిజం కాదని ఈ కథ చెబుతుంది. వణుకుతూ కూడా ఆలోచించవచ్చని నేర్పుతుంది. ఈ మేలు చిన్నది కాదు.

ఇక తక్కెడ రెండో వైపు. బాలనాగమ్మను మన కథకులు మెచ్చుకున్నది ఆమె తెలివికి కాదు, శీలానికి. ఆమె కాలయాపన అంతా పాతివ్రత్యాన్ని కాపాడుకోవడం కోసమే అన్నట్టు నాటకమూ సినిమా కూడా చూపిస్తాయి. కష్టం మీదపడ్డ స్త్రీ ముందుగా రుజువు చేసుకోవలసింది తన పవిత్రతే అన్న మాట అందులో ఇమిడి ఉంది. వేధింపు గురించి నోరు విప్పిన అమ్మాయిని "నువ్వేం చేశావు, ఏం వేసుకున్నావు, అతనితో అంతకుముందు నవ్వుతూ మాట్లాడేదానివి కదా" అని అడిగే మనస్తత్వానికీ ఈ మెప్పుకూ వేరు ఒక్కటే. పైగా చివరికి విడిపించేది కొడుకు. తల్లి రాబట్టిన రహస్యం తెర వెనక్కి పోయి, చిలకను పట్టుకొచ్చిన వీరుడి పేరు ముందుకొస్తుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్స్ మా తరానికి కన్నార్పనివ్వని చదువు. 1952లో ఆ పత్రికలో చేరి అర్ధశతాబ్దం పైగా పనిచేసిన ఆయన ఊహాశక్తికి నేను నమస్కరిస్తాను. కానీ ఖడ్గవర్మ, జీవదత్తుల్లాంటి కుర్రాళ్ళ జంటలు అడవుల్లో, కోటల్లో తిరుగుతుంటే వెంటపడి చదివిన ఆడపిల్లలకు, ఆ గుర్రం మీద తమ చోటు ఎక్కడో తెలిసేది కాదు. ఇంగ్లీషు పుస్తకాల్లోని కథానాయికల వైపు మన అమ్మాయిలు పోయారంటే ఆ లోటు కూడా ఒక కారణమే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. కథలో ఓర్పు గెలుస్తుంది. చట్టంలో ఓర్పుకు గడువుంది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం, జరిగిన నాటినుంచి, పదేపదే జరుగుతుంటే చివరి సంఘటన నాటినుంచి, మూడు నెలల లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వలేకపోవడానికి తగిన కారణం ఉందని సంస్థలోని అంతర్గత కమిటీ నమ్మి, ఆ కారణాన్ని రాసిపెడితే మరో మూడు నెలలు. అంతే. అప్రైజల్ అయ్యాక చూద్దాం, ప్రాజెక్టు మారాక చూద్దాం, ఆయనే ఎటైనా వెళ్ళిపోతాడేమో అని బాలనాగమ్మలా నెట్టుకొచ్చే అమ్మాయి, తన బలమైన గుణం వల్లే తన హక్కును చేజార్చుకోవచ్చు. ఒక కాలానికి ప్రాణం నిలిపిన తెలివి ఇంకో కాలంలో కీడు చేయగలదు. కథల నుంచి ధైర్యం తెచ్చుకోమని చెప్పేవాళ్ళు ఈ సంగతి దాచకూడదు.

అయితే ఎదురుతిరిగే నాయిక మేలా? 2009లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'అరుంధతి'తో జేజమ్మ పేరు తెలుగు ఇళ్ళలో మామూలు మాట అయిపోయింది. గట్టిగా నిలబడే పిల్లను ఇప్పటికీ "జేజమ్మ" అనేవాళ్ళున్నారు. తెర మీద ఒక ఆడమనిషి భయపడకుండా నిలబడితే హాలంతా ఈలలు వేయడం చూసిన ఆడపిల్లల్లో ఏదో కదిలి ఉంటుంది. దాన్ని నేను కాదనను. కానీ ఆ కథలో దుష్టుణ్ణి చంపే ఆయుధం ఎక్కడనుంచి వస్తుంది? జేజమ్మ చనిపోయి, ఆమె అస్థికలే ఆయుధంగా మారాలి. తన్ను తాను అర్పించుకుంటేనే స్త్రీకి వీరత్వం దక్కుతుందన్న పాత లెక్క అది. ఉద్యోగం, ఆరోగ్యం, నిద్ర పోగొట్టుకుని పోరాడటమే గొప్ప అని మనం ఒక అమ్మాయికి చెబితే, గెలిచేదాకా ఆమె మిగలదు.

ఎయోవిన్‌ని ఇష్టపడేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. మగవేషంలో యుద్ధానికి వెళ్ళి, ఏ మగవాడి చేతిలోనూ చావడని పేరున్న నజ్గూల్ నాయకుణ్ణి ఆమె పడగొట్టిన ఘట్టాన్ని ఎంతమంది అమ్మాయిలు మళ్ళీ మళ్ళీ చదువుకున్నారో. అయితే టోల్కీన్ ఆమెను గెలుపు కోసం పంపలేదు. పంజరం లాంటి బతుకు మీద విరక్తితో, చావును కోరుకుంటూ ఆమె వెళుతుందని ఆయన దాచకుండా రాశాడు. ఆ పోరు ముగిశాక ఆమె కోలుకోవడానికి పుస్తకంలో విడిగా చోటిచ్చాడు. ఇంకొకటి, వెనకనుంచి మెర్రీ అనే చిన్నవాడు తన కత్తితో ముందు గాయపరచకపోతే ఆమె దెబ్బ తగిలేది కాదు. మెర్రీని మనం తరచుగా మరిచిపోతాం. ఒంటరి వీరనారి అన్న బొమ్మ మన మనసులో అంత గట్టిగా అచ్చుపడింది. పుస్తకం నిజానికి అలా చెప్పలేదు.

ఫాంటసీ చదవడం పారిపోవడమే కదా అన్నవాళ్ళకు టోల్కీనే 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో జవాబు చెప్పాడు. ఖైదీ తప్పించుకోవడాన్నీ, సైనికుడు యుద్ధం వదిలి పారిపోవడాన్నీ ఒకే గాట కట్టకూడదన్నది ఆయన వాదన. నాకు అది సబబుగానే తోస్తుంది. పది గంటలు తెర ముందు కూర్చుని వచ్చిన మనిషి రాత్రి అరగంట మరో లోకంలో ఊపిరి పీల్చుకుంటే తప్పేముంది? తెల్లారాక ఏం చేస్తుందన్నదే లెక్క.

ఈ తెల్లారాక సంగతి మీద మనస్తత్వ శాస్త్రం చెప్పినది వినదగ్గది. తనకు చేతనవుతుందన్న నమ్మకం మనిషికి ఎలా పుడుతుందో ఆల్బర్ట్ బండురా 1977లో వివరించాడు. నాలుగు దారులు చెప్పాడు. అన్నిటికంటే గట్టిది, స్వయంగా చేసి గెలవడం. రెండోది, తనలాంటి మరొకరు చేయడం చూడటం. పక్కవాళ్ళు ప్రోత్సహించడం, ఒంట్లో దడ ఉందా నెమ్మది ఉందా అన్నది తర్వాతివి. అంతకుముందు పాములంటే హడలిపోయేవాళ్ళ మీద ఆయన బృందం చేసిన ప్రయోగాల్లో, ఇతరులు పాముల్ని పట్టుకునే సినిమా చూసినవాళ్ళకు కూడా భయం బాగానే తగ్గింది. మరొకరు పక్కన ఉండి కొద్దికొద్దిగా చేత పట్టించినవాళ్ళకు మాత్రం అందరికంటే ఎక్కువ తగ్గింది. కథకు అనుకూలంగా కూడా, దాని హద్దును చూపడానికి కూడా ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు. చూసినది పనిచేస్తుంది. పక్కన ఒకరుండి చేయించినది ఇంకా బాగా పనిచేస్తుంది. ఇటలీలో బడిపిల్లలతో హ్యారీ పోటర్ చదివించి చేసిన అధ్యయనం కూడా ఇదే దిక్కు చూపిస్తుంది. వివక్ష మీద ఉన్న భాగాల్ని చదివి, వాటి గురించి కూర్చుని మాట్లాడుకున్న పిల్లల్లో, హ్యారీని తమవాడనుకున్నవాళ్ళకు వలస వచ్చినవారి పట్ల మనసు మెత్తబడింది. అక్కడ పుస్తకం ఒక్కటే లేదు, మాట్లాడుకోవడం కూడా ఉంది.

ఇప్పుడు నన్ను బాగా కుదిపే వాదనకు వస్తాను. ధైర్యం గురించి ఎంత మాట్లాడితే, రక్షణ ఇవ్వాల్సినవాళ్ళ బాధ్యత అంత పలచబడుతుందని నా స్నేహితురాళ్ళు కొందరు అంటారు. మహిళా దినోత్సవం నాడు వేదిక మీద నీలోని వీరనారిని మేల్కొలుపు అని చెప్పి, రాత్రి చివరి డ్రాప్ ఆడపిల్లదైనప్పుడు క్యాబ్‌లో గార్డును పెట్టని యాజమాన్యం ఉంటే, ఆ ప్రసంగం ఎవరికి మేలు చేసినట్టు? వాళ్ళ కోపం న్యాయమైనది. వీధిదీపం లేకపోవడానికి అమ్మాయి ధైర్యం మందు కాదు. 2013 అక్టోబరులో ఇదే ఐటీ కారిడార్‌లో, మాల్ నుంచి హాస్టల్‌కి వెళ్ళడానికి కారెక్కిన ఒక యువ ఇంజినీరును ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. ఆమెకు ధైర్యం లేక జరిగింది కాదది. రాత్రిపూట నమ్మి ఎక్కదగ్గ బండి లేక జరిగింది.

అదే సంఘటన రెండో వైపు మాట కూడా చెబుతుంది. ఆమె ఫిర్యాదు చేసింది. ఆ నేరగాళ్ళు పట్టుబడ్డారు, శిక్ష పడింది. ఆ మరుసటి ఏడు, 2014 అక్టోబరు 24న, ఆడవాళ్ళ భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. ఆ తర్వాత సైబరాబాద్ పోలీసులూ ఐటీ సంస్థల భద్రతా మండలీ కలిసి ఆడవాళ్ళ కోసం షీ షటిల్ బస్సులు నడిపారు. 2019లో మెట్రో హైటెక్ సిటీకి, ఆ ఏడాది చివరికి రాయదుర్గానికి చేరింది. వ్యవస్థలు తమంతట తాము కదలవు. ఎవరో ఒకరు నోరు విప్పితే కదులుతాయి. 2013 చట్టానికి మూలమైన 1997 నాటి విశాఖ తీర్పు కూడా, రాజస్థాన్ పల్లెలో బాల్యవివాహాన్ని ఆపబోయి దాడికి గురైన ఒక మహిళా కార్యకర్త మౌనంగా ఉండనందువల్లే వచ్చింది. అందువల్ల ధైర్యమా, రక్షణా అని ఏదో ఒకటే ఎంచుకోమనడం సరికాదు. కానీ వరస మాత్రం ఉంది. రక్షణ యాజమాన్యం అప్పు, అది ముందు తీరాలి. ధైర్యం అమ్మాయి సొంతం, దాన్ని ఆమెనుంచి ఎవరూ వసూలు చేయకూడదు.

మరి ఎలాంటి కథ ఇవ్వాలి అని అడిగితే నేను ఓల్గా 'విముక్త' పేరు చెబుతాను. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ సంపుటిలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. ఎవరూ ఎవరినీ చంపరు. గాయపడ్డ ఒక స్త్రీ తను ఎలా నిలదొక్కుకుందో మరో స్త్రీకి చెబుతుంది. ముక్కూ చెవులూ పోయిన శూర్పణఖ తోట పెంచుకుంటూ, తన అందాన్ని మరోచోట వెతుక్కుని, తోడును కూడా పొంది ఉంటుంది. ఆమెను చూసిన సీతకు తన ముందున్న దారి ఇంకొంచెం కనిపిస్తుంది. పురాణ పాత్రలు కాబట్టి దీన్ని ఫాంటసీ అనవచ్చా అని పండితులు వాదించుకోనివ్వండి. బండురా చెప్పిన రెండో దారి, నాలాంటి మరొకరు చేశారన్న ఎరుక, ఇందులో పుష్కలంగా ఉంది. బాలనాగమ్మ పక్కన లేని అక్కచెల్లెళ్ళు ఇక్కడ ఉన్నారు.

మొత్తం మీద నా తీర్పు కథల పక్షానే. మాయల ఫకీరు గదిలో బాలనాగమ్మ చూపిన నిబ్బరం, ఎయోవిన్ తెగింపు, హెర్మయొనీ ముందే చదివి సిద్ధంగా ఉండటం, ఇవన్నీ గొంతు పెగిలే ఆ మొదటి క్షణానికి నిజంగా పనికొస్తాయి. ఆ క్షణం లేకపోతే ఏ చట్టమూ కదలదు. కానీ ఆ తర్వాతి క్షణానికి కథ చాలదు. అక్కడ కాగితం కావాలి, మెర్రీలాంటి తోడు కావాలి, వినే కమిటీ కావాలి. పాతివ్రత్యాన్ని, ప్రాణత్యాగాన్ని ధైర్యానికి ధరగా అడిగే కథల్ని మాత్రం పిల్లలకు చెప్పేటప్పుడు, ఆ భాగాల దగ్గర ఆగి మాట్లాడాలి.

మీ ఇంటి అమ్మాయి ఈ కారిడార్‌లో ఉద్యోగంలో చేరుతుంటే నచ్చిన కథల పుస్తకం సూట్‌కేసులో పెట్టి పంపండి. దాంతోపాటు ఇవి కూడా చెప్పి పంపండి. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి అయి ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, ఒకరు సంస్థ బయటివారై ఉండాలి. ఆ కమిటీని వేసిన ఉత్తర్వును అందరికీ కనిపించే చోట ప్రదర్శించాలి. అది ఎక్కడుందో చేరిన మొదటి వారంలోనే చూసుకోమనండి. ఫిర్యాదు రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయడం కమిటీ విధి. విచారణ నడిచే రోజుల్లో బదిలీ గానీ, మూడు నెలల వరకు సెలవు గానీ అడగవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు.